ముందు సీట్లో మా అమ్మాయి

మా అమ్మాయి ఎనిమిదేళ్లకే కారు నడిపింది. బందరు నుంచి మోపిదేవి దాకా స్టీరింగు తనదే. నేను పక్కన కూర్చుని వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ వెళ్లాను. బస్సులో పక్కన కూర్చున్న కొత్తవాళ్లందరికీ ఈ కథ చెబుతుంటాను. వినే ఓపిక ఉన్నవాళ్లు దొరికితే అవనిగడ్డ దాకా పొడిగిస్తాను.

అంత లేదు. చల్లపల్లి దాటాక అర కిలోమీటరు. నడిపింది నేనే. అమ్మాయి ముందు సీట్లో మోకాళ్ల మీద నిలబడి, ఒక చేత్తో స్టీరింగు అంచు పట్టుకుంది.

తొంభైల మొదట్లో, గుడివాడలో సెకండ్ హ్యాండ్ కారు కొన్న వారం అది. మా వీధిలో కారున్నది నాకొక్కడికే. ఇదీ కొంచెం ఎక్కువే, ఎదురింటి ప్లీడరుగారికీ ఉంది. మోపిదేవిలో కారుకు పూజ చేయిద్దామని బయల్దేరాం. వెనక సీట్లో మా ఆవిడ. ముందు కూర్చుంటానని అమ్మాయి ఒకటే మారాం చేసింది. కాదనలేకపోయాను.

కోతల కాలం. రోడ్డు మీద ఒక పక్కంతా ధాన్యం ఆరబోసి, బళ్లు ఎక్కకుండా అంచు వెంట రాళ్లు పేర్చారు. గేదె అడ్డం వచ్చిందని తర్వాత అందరికీ చెప్పాను. గేదె లేదు, దూడా లేదు. ధాన్యం తిరగేస్తున్నవాళ్లలో మా పెద్ద బావ కనిపించాడు.

"బావా, చూడు నా డ్రైవర్ని" అని కిటికీలోంచి తల బయటపెట్టి కేకేశాను.

చక్రం రాయెక్కింది. బ్రేకు తొక్కాను. డాష్‌బోర్డు మీద నేనే ముచ్చటపడి అంటించిన ఇత్తడి వినాయకుడి కిరీటం అమ్మాయి ఎడమ కంట్లో గుచ్చుకుంది.

ఆ కంటికి చూపు మళ్లీ రాలేదు. "చిన్నపిల్లని ముందెందుకు కూర్చోబెట్టారండీ?" అని బెజవాడ డాక్టరు అడిగాడు. గేదె సంగతి చెప్పాను.

పద్దెనిమిది నిండాక ఓ పొద్దున అమ్మాయి కారు తాళాలు పట్టుకొచ్చింది.

"నేర్పుతావా నాన్నా?"

"ఒక కంటితో లైసెన్సు ఇవ్వరమ్మా. ఆర్టీవో ఆఫీసులో కనుక్కున్నాను."

కనుక్కోలేదు. ఆ ఆఫీసు మెట్లే ఎక్కలేదు. స్టీరింగు ముందు తనని, పక్కన నన్ను ఊహించుకోలేకపోయాను. తను తాళాలు తీసుకెళ్లి మేకుకు తగిలించింది. ఆ తర్వాత ఎన్నడూ అడగలేదు. ఇప్పటికీ చల్లపల్లిలో పాఠాలు చెప్పడానికి రోజూ బస్సులో నిలబడే వెళ్తోంది.

ఇంత రాశాక ఇంకేమీ దాచలేదనిపించి, నిన్న తనకే చదివి వినిపించాను. వంకాయలు తరుగుతూ చివరిదాకా వింది.

"లైసెన్సు సంగతి నాకప్పుడే తెలుసులే. నేను మారాం చేశానని రాశావే, అది కొట్టెయ్. నేనడగలేదు. వెనక అమ్మ ఒళ్లో నిద్రపోతున్నాను. చల్లపల్లిలో కారాపి లేపింది నువ్వే."