కాలువ గట్టు మీద నడక

మోకాలి ఆపరేషన్ తర్వాత రాజమండ్రి నుంచి కేతేపల్లిలోని చెల్లెలి ఇంటికి వచ్చాను. రోజూ మా కుక్కతో కాలువ గట్టు మీద నెమ్మదిగా నడిచేవాణ్ణి. ఆ రోజు మొదటిసారి తూము దాకా వెళ్లాలని పట్టుబట్టాను. ఇంకో వంద అడుగులు ఉన్నాయనగా, గడ్డి కోస్తున్న ఒక అవ్వ నన్ను ఆపింది.

"గా కాలుతోని ఏడికి పోతున్నవు బిడ్డా?"

"ఎక్కడికీ లేదమ్మా. డాక్టరు నడవమన్నాడు."

"ఆయనకేంది, కార్ల తిరుగుతడు," అంటూ అవ్వ అటుగా వస్తున్న ఆటోను ఆపింది. "గీయనను జర పైలంగ ఇంటికాడ దించు."

వద్దన్నా వినలేదు. మా కుక్క అప్పటికే ఎక్కి కూర్చుంది. ఆటో కదిలాక వెనక్కి చూశాను. గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని, అవ్వ నాకంటే ఎక్కువగా కుంటుతూ నడిచిపోతోంది.