గ్రాఫీన్ మీద పసుపు బొట్టు

రాజాంలో మా ఇంజనీరింగ్ కాలేజీకి నీలవేణి ఫిజిక్స్ లెక్చరరుగా వచ్చిన ఏడాదే ఆమెకు పెన్సిల్ మేడం అని పేరు పెట్టేశాం. పెట్టినవాళ్లలో నేనే ముందు. పక్క గదిలో కెమిస్ట్రీ చెప్పేవాణ్ని, ఎగతాళితో పొద్దుపోయేది.

ఆమె పని అలాంటిది మరి. పెన్సిల్లో ఉండే గ్రాఫైట్ మీద టేపు అంటించి లాగడం, ఆ టేపును మళ్లీ మళ్లీ మడిచి లాగడం, చివరికి గోరంత సిలికాన్ పలక మీద ఒత్తడం. ఒక్క పరమాణువు మందం పొర మిగిలితే అది గ్రాఫీన్. మైక్రోస్కోపులో దాన్ని వెతకడానికి నెలలు పట్టేది. కళింగపట్నం వైపు చేపలమ్మే ఇంటి పిల్ల, వల చిక్కు తీసినంత ఓపిగ్గా కూర్చునేది.

గ్రాఫీన్ తనంతట తాను సూపర్ కండక్టరు కాదు. దాని రెండు చివరలా అల్యూమినియం పూసి, సున్నా కంటే రెండు వందల డెబ్బై రెండు డిగ్రీలు కిందికి చల్లబరిస్తే, అల్యూమినియంలో కరెంటు ఏ అడ్డూ లేకుండా పారుతుంది. తాకి ఉన్నందుకు ఆ గుణం గ్రాఫీన్‌కూ వస్తుంది. కాకపోతే రెండింటి మధ్యా పిసరంత మురికి ఉండకూడదు. పూత వేయడం, చల్లబరచడం బెంగళూరులో ఒక ల్యాబు చేయాలి. 2016 దసరా వెళ్లిన వారానికి ఆమెకు అక్కడ వంతు వచ్చింది. తప్పితే మళ్లీ రెండేళ్లు. ఇదంతా ఆమె ఉద్యోగం మానేసిన రోజున నాకు చెప్పింది. అంతకుముందు నేను అడగలేదు. సిగ్గుగానే ఉంది. అటెండరు అప్పలసూరి తప్ప ఎవరమూ అడగలేదు.

రిటైరుకు దగ్గరపడ్డ మనిషి. రోజూ గది తుడుస్తూ దొరికిందా అని అడిగేవాడు. మంచి పొర దొరికిన రోజు ఆమె మొదట చూపించింది అతనికే. ఏమీ కనబడకపోయినా చాలాసేపు చూశాడట.

ఆయుధ పూజకు ల్యాబులో యంత్రాలన్నిటికీ బొట్టు పెట్టేది అతనే. సెలవులయ్యాక నీలవేణి శాంపిల్ పెట్టిన డబ్బా మూత తీస్తే, పలక మీద, సరిగ్గా ఆ పొర ఉన్నచోటే, పసుపూ కుంకుమా. తుడిస్తే పొరే పోతుంది. ఒళ్లు మండిపోయి, నాలుగు దులిపేయాలనే వరండాలోకి వెళ్లింది. ఆమె నోరు తెరిచేలోపే అతను చెప్పాడు.

"అన్నిటికీ ఎట్టి దీనికెట్టకపోతే ఎలాగమ్మా? నువ్వు పొద్దల్లా ఉండేది దీంతోనే గదా. అందికే మూత తీసి మరీ ఎట్టినాను."

ఆమె వెనక్కి వచ్చి తలుపేసుకుని ఏడ్చింది. తర్వాత బెంగళూరుకు ఫోన్ చేసి శాంపిల్ పాడైందంది. సరే, వంతు వేరేవాళ్లకు ఇస్తామన్నారు. ఎలా పాడైందని అడగలేదు.

సాయంత్రం అప్పలసూరి వచ్చి, "పంపీసినావా అమ్మా?" అన్నాడు.

"పంపీసినాను మావా," అంది.

ఏం తేలిందని అతను ఏడాదిపాటు అడుగుతూనే ఉన్నాడు. ఇంకా చూస్తున్నారని ఆమె చెబుతూనే ఉంది.

మానేసిన రోజున నాతో అంది: "అడిగేది మావ ఒక్కడే సార్. ఆయనకీ అబద్ధమే సెప్పాల్సొస్తంటే, ఇంకెవరితో మాటాడతాను?"