వెనక సీటులోకి అందించిన నీళ్లు

దయ్యాల మాట ఎవరైనా ఎత్తితే మా ఇంట్లో ముందు నవ్వేది నేనే. మా వీధిలో ఒక పిల్లకు గాలి సోకిందని తాయెత్తు కట్టిస్తుంటే, ముందు జ్వరం మాత్ర వేయండమ్మా అని చెప్పి వచ్చినదాన్ని. ఇప్పుడు అడిగినా దయ్యాలు లేవనే అంటాను. నేను రాసేది చచ్చినవాళ్ల సంగతి కూడా కాదు. ఇందులో ఉన్న మనిషి బతికే ఉంది. ఇవాళ పొద్దున నేను చేసిన సంగటి తిని, ఉప్పు తక్కువైందని సణిగింది.

ఆమె మా అత్త.

మాది హిందూపురం. మూడేళ్ల కిందట మే నెలలో, పిల్లలకు బడి సెలవులిచ్చాక, ధర్మవరంలో ఉన్న మా ఆడబిడ్డ ఇంటికి అందరం కలిసి బయలుదేరాం. దారిలో పిల్లలకు పెనుకొండ కోట చూపించాలి. రాత్రికి ఆడబిడ్డ దగ్గర ఉండి, మర్నాడు బత్తలపల్లి మీదుగా ముదిగుబ్బ వైపు పోవాలి. మా అత్త పుట్టిల్లు అటువైపు పల్లె. ఆమె ఆ ఊరు చూసి చాలా ఏళ్లయింది. నాలుగు రోజుల ముందే పెట్టెలోంచి ఆకుపచ్చ పట్టుచీర తీసి, మడతలు పోవాలని పరుపు కింద పెట్టుకుంది.

రెండు బండ్లలో పోయాం. మా పాత కారు మా ఆయన నడిపాడు. ముందు సీటులో నేను, నా ఒళ్లో మూడేళ్ల కొడుకు. వెనక సీటులో కిటికీ పక్కన అత్త, ఆమె పక్కన ఆరేళ్ల నా కూతురు జాను. మిగతా చోటంతా పరుపు చుట్టలు, సంచులు, చిత్రాన్నం డబ్బాలు. రెండో కారు మరిదిది. అందులో మరిది, తోడికోడలు, వాళ్ల పాప, మా మామ.

బయలుదేరేటప్పుడు మరిది వేలు చూపించి ఒకటి, రెండు అని మమ్మల్ని లెక్కపెట్టబోయాడు. అత్త ఆ వేలు పట్టుకుని కిందికి వంచేసింది.

"లెక్కబెట్టేకి మనుషులేమన్నా గొర్లారా? పయనం పోయేటప్పుడు తలకాయలు లెక్కబెడితే ఒకటి తగ్గుతాది."

"సరేలేమ్మా. నిన్ను లెక్కలోకి తీసుకుంటే మాకే నష్టం" అన్నాడు మరిది. అందరం నవ్వాం.

ఆమె గొర్రెలున్న ఇంట్లో పుట్టిన మనిషి. సాయంత్రం దొడ్డిలోకి తోలేటప్పుడు గొర్రెల్ని లెక్కపెడతారు గానీ మనుషుల్ని లెక్కపెట్టకూడదని ఆమె పట్టు. మా ఇంట్లో బంతి భోజనాలప్పుడు కూడా విస్తళ్లు లెక్కపెడతాం, కూర్చున్నవాళ్లను లెక్కపెట్టం. అట్లా అలవాటు చేసింది.

పెనుకొండలో కోట వాకిలి చూసి, నీడలో కూర్చుని చిత్రాన్నం తిన్నాం. అక్కడినుంచి కదిలేటప్పటికి పదకొండు దాటింది. మా కారులో ఏసీ లేదు. కిటికీలు దించుకుంటే నిప్పుల గాలి. కొడుకు నా ఒళ్లో ఏడుస్తూనే ఉన్నాడు. నాకు తల పగిలిపోతోంది.

అత్తకు వక్కాకు అలవాటు. పళ్లు లేవు కాబట్టి చిన్న ఇనుప రోలులో టక్కు టక్కుమని దంచుకుని నోట్లో వేసుకుంటుంది. పెనుకొండ దాటాక ఒకసారి కిటికీలోంచి ఉమ్మింది. గాలికి అదంతా లోపలికే వచ్చి జాను కొత్త పసుపు గౌను మీద పడింది. దాని చెంప మీద కూడా పడింది. అది ఏడుపు ఎత్తుకుంది.

కారు ఆపించాను. ముందు పోతున్న మరిది కూడా చూసుకుని కొంచెం దూరంలో ఆపాడు. రోడ్డు కింద వాననీళ్లు పోయే గొట్టం మోరీ ఒకటి, దాని పక్కన ఒక వేపచెట్టు, అంతే. చుట్టూ బీడు. మా ఆయన బానెట్ ఎత్తి ఇంజనుకు నీళ్లు పోస్తున్నాడు. నేను జానుకు మొహం కడిగి, గౌను మార్చి, అత్త దగ్గరికి పోయాను. అప్పుడు నేనన్న మాటలు పోయిన నెల దాకా ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

"నీ పక్కన నా బిడ్డను కూసోబెట్టేకి నాకు అసయ్యంగా ఉండాది అత్తా. ఆ బండ్లో ఎక్కు పో."

ఆమె నా మొహం చూసింది. తన సంచి తీసుకుని దిగింది. రోలు, వక్కలు, మాత్రలు అన్నీ ఆ సంచిలోనే ఉంటాయి. మరిది కారు వైపు నడిచింది. నేను తల తిప్పేసుకుని ముందు సీటులో కూర్చున్నాను.

తర్వాత తెలిసింది ఇది. ఆమె నేరుగా కారు దగ్గరికి పోలేదు. ఒంటికి పోవడానికి మోరీ దిగి అవతలికి పోయింది. మరిదికి ఆమె తన కారులో ఎక్కబోతోందని తెలియదు. తల్లి ఎప్పటిలాగే అన్న కారులో ఉందనుకుని పోయాడు. మా ఆయన ఇంజను దగ్గరున్నాడు, నేనన్నది వినలేదు. తల్లి వెనక సీటులోనే ఉందనుకుని బానెట్ మూసి బండి తీశాడు. నేను ఆమె మరిది కారులో ఉందనుకున్నాను. ఎవరూ లెక్కపెట్టలేదు.

ఇంతవరకూ ఎవరికైనా జరగగలిగిన పొరపాటే. దీని తర్వాతది నాకు అర్థం కాదు.

ఐదు నిమిషాలు పోయామో లేదో, వెనకనుంచి టక్కు టక్కుమని వక్కాకు దంచే చప్పుడు వినిపించింది.

నాకు ఒళ్లు మండింది. పోలేదన్నమాట, మొండికేసి మళ్లీ ఇందులోనే ఎక్కి కూర్చుందన్నమాట అనుకున్నాను. వెనక్కి తిరిగి చూడలేదు. చూస్తే ఆమె మొహం చూడాలి. ఒక మాట అనాలి, లేదా తప్పయిందని ఒప్పుకోవాలి. రెండూ ఇష్టం లేక రోడ్డు వైపే చూస్తూ కూర్చున్నాను.

ఇంకాసేపటికి జాను అంది. "అమ్మా, అవ్వకి నీళ్లు కావల్లంట."

నా కాళ్ల దగ్గర జాను బడికి తీసుకుపోయే నీలం రంగు బాటిల్ ఉంది, నిండుగా. తిరగకుండానే భుజం మీదుగా వెనక్కి పెట్టాను. ఒక చెయ్యి అందుకుంది. జాను చెయ్యి కాదు. మా అత్తకు చిన్నప్పుడు కొడవలి తెగి కుడిచేతి నడిమి వేలు వంగదు. ఎప్పుడు ఏది అందుకున్నా ఆ వేలు కట్టెలాగా ఎదుటివాళ్లకు తగులుతుంది. ఆ రోజు నా మణికట్టుకు తగిలింది. అంత ఎండలోనూ చల్లగా ఉంది.

కాసేపటికి బాటిల్ నా భుజం మీదుగా తిరిగి వచ్చింది. ఖాళీగా ఉంది.

ధర్మవరం చేరేటప్పటికి పన్నెండున్నర దాటింది. ఆడబిడ్డ ఇంట్లో మగ్గం ఆపి అందరూ బయటికి వచ్చారు. మరిది వాళ్లు అప్పటికే దిగి నిలబడి ఉన్నారు. ఆడబిడ్డ రెండు కార్లలోకీ తొంగి చూసింది.

"అమ్మ యాడరా?"

"అన్న బండ్లో ఉండాది" అన్నాడు మరిది.

మా ఆయన వెనక తలుపు తీశాడు. జాను ఒక్కతే సంచుల మీదికి ఒరిగి నిద్రపోతోంది.

"జానూ, అవ్వ యాడే?"

అది కళ్లు నలుపుకుంటూ పక్క సీటు తడిమింది. "ఈడే ఉన్నె కదా నాయనా. నాకి కత చెప్తా ఉన్నె."

మామ అరుగు మీద కూలబడిపోయాడు. "దాని చేతిలో నీళ్లు గూడా లేవు కదప్పా" అన్నాడు.

అందరూ ఒకరినొకరు అడుక్కుంటున్నారు. మా ఆయన తల కొట్టుకుంటున్నాడు. "అద్దంలో ఒక్కసారి చూసింటే సరిపోయేది, నాది తప్పు, నాది తప్పు" అంటున్నాడు. నేను పొమ్మన్నానని అప్పుడే చెప్పాల్సింది. నోరు తెరిచాను. మూసేశాను.

మా ఆయన, మరిది, నేను వెనక్కి పోయాం. దారి పొడుగునా మరిది ఏడుస్తూనే ఉన్నాడు. డెబ్బై ఏళ్ల మనిషి, రక్తపోటు ఉంది, నెత్తిన మే నెల ఎండ. బయటికి చూస్తే మేకలు కూడా ఎక్కడా కనిపించలేదు, అన్నీ నీడకు చేరాయి. ఆమె బతికుంటే చాలు, నిజం అందరి ముందూ చెప్పేస్తానని నేను లోపల మొక్కుకున్నాను.

ఆమె మోరీ గొట్టం లోపల నీడలో కాళ్లు చాపుకుని కూర్చుని ఉంది. సంచి పక్కన పెట్టుకుంది. రోలు ఆమె ముందు ఉంది. మమ్మల్ని చూసి, "ఏమప్పా, ఇంతసేపా? నేను నడుస్తా పోదామనుకుంటి" అంది.

మరిది ఆమె కాళ్లు పట్టుకున్నాడు. మా ఆయన బాటిల్ మూత తీసి నోటికి పెట్టబోయాడు. ఆమె చేత్తో పక్కకు తోసింది.

"వద్దు నాయనా. కడుపు నిండా తాగితి. ఆమె ఇచ్చె కదా" అని నన్ను చూపించింది.

మా ఆయన నా వైపు చూశాడు. ఎండ దెబ్బకు మాటలు తప్పుతున్నాయనుకున్నాడు. నేను ఆమె చీర వైపు చూస్తున్నాను. మా వైపు బాటిల్‌ను నోటికి తగలకుండా ఎత్తి తాగుతారు. అత్తకు చెయ్యి వణుకుతుంది కాబట్టి సగం మీద పోసుకుంటుంది. పయనానికి కట్టుకొచ్చిన ఆకుపచ్చ పట్టుచీర కొంగు మెడ దగ్గర తడిసి ఉంది. ఆ ఎండకు తడి బట్ట ఎంతసేపట్లో ఆరుతుందో మీకు తెలుసు. మోరీలో చుక్క నీళ్లు లేవు. నేల పగుళ్లు ఇచ్చి ఉంది.

"దావన పోయేవాళ్లు ఎవరన్నా ఇచ్చిండ్రా అమ్మా?" అని మరిది అడిగాడు.

"ఎవురూ రాలా. బండ్లోనే కదరా ఇచ్చె. చెయ్యి ఎనక్కి పెట్టి ఇచ్చె. నా మొగం చూడల్యా."

ధర్మవరంలో డాక్టరుకు చూపించాం. ఆయన రక్తపోటు చూసి, నాలుక చూసి, దాదాపు రెండు గంటలు ఎండలో ఉండిపోయిన మనిషి ఈమేనా అని రెండుసార్లు అడిగాడు. సెలైన్ కూడా పెట్టలేదు.

ఇంటికి వచ్చాక నేను ఒక్కదాన్నే కారు దగ్గరికి పోయి వెనక సీటంతా తడిమి చూశాను. ఎక్కడా తడి లేదు. జాను ఒంటి మీద బట్టలు పొడిగా ఉన్నాయి. నువ్వు తాగావా అంటే, "నేను తాగల్యా, అంతా అవ్వే తాగేసె" అంది. ఆ రాత్రి మా ఆయన కూడా చెప్పాడు, వక్కాకు దంచే చప్పుడు తనకూ వినిపించిందట. అందుకే అద్దంలో చూడాలని అనిపించలేదట. రోలు మోరీ దగ్గర ఉంది. మా కారులో దంచింది ఏమిటో?

మోరీ దగ్గర తలకు ఎండ తగిలి ఆమె కలగని ఉంటుందని అనుకుందాం. ఆ కలలో నేను వెనక్కి తిరగకుండా నీళ్లిచ్చిన సంగతి ఎట్లా వచ్చింది? జాను చిన్నపిల్ల, అవ్వ లేకపోయినా ఉన్నట్టు ఆడుకుందని అనుకుందాం. బాటిల్ ఖాళీ చేసింది ఎవరు? నాకు తట్టినవన్నీ వేసి చూశాను. ఏదో ఒకటి మిగిలిపోతూనే ఉంది.

మొక్కు నేను తీర్చలేదు. అత్త అందరికీ, "నేనే ఎనకబడితి, ఒంటికి పోయి లేటు చేస్తి" అని చెప్పేసింది. నా మాటలు బయట పెట్టలేదు. పైగా ఇంటికి ఎవరొచ్చినా, "మా కోడలు నీళ్లియ్యకపోతే ఆ పొద్దే పోయేదాన్ని" అంటుంది. వాళ్లు నా వైపు మెచ్చుకోలుగా చూస్తారు. నేను కాఫీ పెట్టే సాకుతో లోపలికి పోతాను. మా ఆయన మాత్రం ఇప్పటికీ పది నిమిషాలకొకసారి అద్దంలో వెనక సీటు చూస్తాడు. తప్పు తనదేనని ఆయన నమ్మాడు. మూడేళ్లు ఆ బరువు ఆయనతోనే మోయించాను.

పోయిన నెల అత్తకు తల అంటుతూ ఆమెతో చెప్పాను. మొహం కనపడకుండా వెనక నిలబడి ఉన్నాను కాబట్టి చెప్పగలిగాను.

"ఆ పొద్దు నిన్ను ఆ బండ్లోకి పొమ్మన్న సంగతి ఎవరికీ చెప్పల్యా అత్తా."

"నాకేమన్నా చెవుడా? నువ్వు పొమ్మన్నది ఇన్యా కదా."

"మల్ల నువ్వేంటికి చెప్పలేదు?"

"పొమ్మన్యావు, నీళ్లిచ్చినావు. ఏది చెప్పల్ల నేను? నీళ్లదే చెప్పినా. కండ్లల్లోకి సీకాయ పోతాండాది, సరిగా పోయి."

ఆ రాత్రి మా ఆయనకూ చెప్పేశాను. నేనన్న మాటలు ఒక్కటీ తగ్గించకుండా చెప్పాను. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది. ఆయన ఒక్కటే అడిగాడు.

"ఆ చెయ్యి మాయమ్మదేనా?"

అవునన్నాను. ఆ వంగని వేలు నాకు తెలియనిది కాదు. కానీ అవునన్నాక, ఆ సమయానికి ఆమె ఎక్కడో వెనక మోరీ దగ్గర కూర్చుని ఉందని గుర్తొచ్చి, తెలియదన్నాను. ఆయన మళ్లీ అడగలేదు. ఆమెను దిగమన్నది నేనే, అందులో నాకు అనుమానం లేదు. నీళ్లు అందుకున్నది ఎవరంటే మాత్రం, ఇన్నాళ్లయినా నా దగ్గర జవాబు లేదు.