నా గొంతుతో అమ్మిన విత్తనాలు

వరంగల్‌లో గానీ హనుమకొండలో గానీ నా ముఖం చూసి గుర్తుపట్టేవాళ్లు తక్కువ. గొంతు మాత్రం చాలామంది విని ఉంటారు. ఆటో మీద మైకు కట్టుకుని, బట్టల దుకాణాల్లో ఆషాఢం ఆఫర్ల గురించీ, కొత్తగా తెరిచిన హోటల్ గురించీ చెప్పుకుంటూ పోయే ఆడగొంతుల్లో ఒకటి నాది. హనుమకొండ చౌరస్తా దగ్గర ఒక సందులో, జిరాక్సు షాపు పైన ఉన్న చిన్న స్టూడియోలో ఏళ్ల తరబడి ఆ పని చేశాను. గోడలకు పరుపు ముక్కలు అంటించి ఉండేవి. రికార్డింగు చేసేటప్పుడు చప్పుడు పడుతుందని ఫ్యాను ఆపేసేవాళ్లు. ఎండాకాలంలో చెమటలు కారుతుంటే, చల్లని కూలర్ల గురించి నవ్వుతూ చదివేదాన్ని.

ఆ పనిలో నాకు ఒక పట్టింపు ఉండేది. విత్తనాలకు, పురుగుమందులకు గొంతు ఇవ్వను. నేను పదో తరగతిలో ఉన్నప్పుడు మా నాన్న ఎవరో చెప్పిన మాట విని పత్తి గింజలు తెచ్చి పెట్టాడు. చెట్లు నడుము ఎత్తు పెరిగాయి, చేనంతా పచ్చగా కనిపించింది, కాయ మాత్రం పట్టలేదు. ఆ పచ్చటి చేను మధ్యలో ఆయన ఒక్కో చెట్టునూ వంచి కాయ కోసం వెతకడం చూశాను. అందుకే విత్తనాల కంపెనీ వాళ్లు ఎవరొచ్చినా స్టూడియో నడిపే అన్న నా దాకా రానివ్వకుండానే, "మా చెల్లె ఆ పని చెయ్యదు" అని పంపేసేవాడు. సొంత అన్న కాదు గానీ, మొదటి రోజు నుంచీ నన్ను చెల్లె అనే పిలిచాడు.

రెండేళ్లుగా పని తగ్గుతూ వచ్చింది. ముందు ఫ్లెక్సీలు డిజైను చేసేవాళ్లు పోయారు, తర్వాత మా వంతు వచ్చింది. మేము ఎన్నో ఏళ్లుగా ప్రకటనలు చేసిపెట్టిన బట్టల దుకాణం సేటు ఒకరోజు తన ఫోను నా ముందు పెట్టి వినిపించాడు.

"చూడమ్మా, మా కోడలు టైపు చేసింది, ఇది చదువుతాంది. మొగ గొంతు గావాల్నంటె మొగ గొంతు, ఆడ గొంతు గావాల్నంటె ఆడ గొంతు. బొమ్మ గూడ అదే చేస్తాంది. నీ మీద కోపమేం లేదు గని, ఇగ స్టూడియో దాక ఎందుకు?"

ఆ గొంతు అంత బాగేం లేదు. "రెండువందల" అన్న మాటను విరిచి విరిచి పలికింది. ఆయనకు అది వినిపించలేదు. కొనేవాళ్లకు కూడా వినిపించదని నాకు అక్కడే అర్థమైంది.

ఆ ఏడు చలికాలంలోనే స్టూడియో అన్న ఒకరోజు పిలిచి, కొత్త మైకు తెచ్చాను, పరీక్ష చేయాలి, పేపరు చదువు అన్నాడు. నాకు జలుబు చేసి ఉంది, ముక్కు దిబ్బడ. తగ్గాక వస్తానన్నాను.

"ఏం గాదు చెల్లె, మైకు ఎట్లున్నదో చూసుడే గదా. జర కూసొని చదువు" అన్నాడు.

వార్తలు చదివాను, వంటల పేజీ చదివాను, సంతోషంగా, కోపంగా, బతిమాలుతున్నట్టు ఒకే వాక్యాన్ని మార్చి మార్చి చదవమంటే చదివాను. మైకు పరీక్షకు ఇంతసేపు ఎందుకని అనుకున్నాను గానీ అడగలేదు. చాయ్ తెప్పించి ఇచ్చాడు, తాగి సుబేదారిలోని ఇంటికి వచ్చేశాను.

తొలకరి పడ్డాక ఒక పొద్దున మా అక్క ఫోను చేసింది. మరిపెడ దగ్గరి పల్లెలో ఉంటుంది. బావా ఆమే కలిసి పత్తి, మిర్చి వేస్తారు. గొంతులో సంతోషం తెలుస్తోంది.

"చెల్లె, నువ్వు చెప్పిన గింజలే తెచ్చినం."

"నేను చెప్పిన గింజలేంది?"

"పత్తి గింజలే. నిన్న ఆటోల వచ్చినయ్. మైకుల నీ గొంతు ఇనంగనే ఉరికొచ్చిన. మా చెల్లెనే అని అందరికి చెప్పిన. మా వాడకట్టుల చానమంది తీస్కున్నరు."

నా చేతిలో ఉన్న చాయ్ గ్లాసు కింద పెట్టేశాను.

"అక్కా, నేను గింజలకు చెప్పలే. ఎన్నడు చెప్పలే."

"మర్చిపోయినవేమో. నీ గొంతు నాకు ఎర్కలేదా?"

"బావ ఏడున్నడు?"

"చేన్ల. కూలోళ్లను తోల్కపోయిండు, గింజలు పెట్టిస్తాండు. వాన మంచిగ పడ్డది గదా."

"ఆపమను అక్కా. ఇప్పుడే ఆపమను."

"ఫోను ఇంట్లనే పెట్టి పోయిండు."

"అయితే నువ్వే ఉరుకు."

అవతల తలుపు చప్పుడైంది. ఆమె వెంటనే ఫోను పెట్టేసింది. నేను కట్టుకున్న చీరతోనే బయలుదేరి, ఆటో ఎక్కి హనుమకొండ బస్టాండుకు వచ్చి ఖమ్మం పోయే బస్సు పట్టుకున్నాను.

దారి పొడుగునా స్టూడియో అన్నకు ఫోను చేస్తూనే ఉన్నాను. మొదట మోగింది, ఎత్తలేదు. తర్వాత మోగుతుండగానే కట్ చేశాడు. అప్పటిదాకా ఎవరో నా గొంతులాంటి గొంతు ఉన్న మనిషి చెప్పి ఉంటుందని లోపల ఒక చిన్న ఆశ ఉండింది. అతను కట్ చేయగానే ఆ ఆశ పోయింది. తొర్రూరు దాటుతుండగా అక్క ఫోను వచ్చింది. పరుగెత్తి వెళ్లినందుకు ఇంకా ఆయాసపడుతోంది.

"సగం చేను అయిపోయింది. సగం ఆపినం. మీ బావ కోపానికొచ్చిండు, వాన పదును పోతదని. చెల్లె, ఆటో మళ్ల వచ్చింది. పంచాయితి ఆఫీసు కాడ ఉన్నది. జనం గుమిగూడిన్రు."

"పోనియ్యకు అక్కా. నేను వచ్చేదాంక పోనియ్యకు."

మరిపెడలో దిగి పల్లెకు పోయే ఆటో ఎక్కాను. ఊరు ఇంకా కనిపించకముందే నాకు నేను వినిపించాను. గాలి అటు నుంచి వీస్తోంది. "రైతన్నలారా, అక్కల్లారా, మీ ఇంటి ఆడబిడ్డలా చెబుతున్నా" అంటోంది ఆ గొంతు. అది నాదే. మాట చివర నేను కొంచెం సాగదీసే పద్ధతి, నవ్వు మొదలవబోయినట్టు ఆగే పద్ధతి, అన్నీ నావే. పక్కన కూర్చున్న ముసలామె నన్ను చూసి, మళ్లీ ఆ చప్పుడు వచ్చే దిక్కు చూసింది.

దగ్గరికి వచ్చాక ఇంకొకటి తెలిసింది. ఆ గొంతుకు జలుబు చేసి ఉంది. "మ" అన్నచోటల్లా ముక్కు దిబ్బడ వినిపిస్తోంది. మే నెలంతా, జూన్‌లో కూడా నాకు జలుబు లేదు. చలికాలంలో ఆ కొత్త మైకు ముందు కూర్చున్న రోజు ఉంది. ఆటో దిగి, కిరాయి ఇచ్చి, ఆ చప్పుడు వైపు నడిచాను.

పంచాయితీ ఆఫీసు ముందు ఆటో వెనకభాగం తెరిచి ఉంది. లోపల సంచులు, రంగురంగుల ప్యాకెట్లు. ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఒకతను అమ్ముతున్నాడు. అక్క జనంలోంచి వచ్చి నా చేయి పట్టుకుంది. ఆమె చేతులకు ఇంకా చేని మట్టి ఉంది.

నేను నేరుగా అతని దగ్గరికి వెళ్లాను.

"ఆ మైకు బందుపెట్టు. ఆ గొంతు నాది. నేను ఈ గింజల గురించి ఒక్క ముక్క గూడ చెప్పలే."

అతను నన్ను పైనుంచి కిందికి చూసి నవ్వాడు.

"గొంతు నీదే అంటానవ్, చెప్పలే అంటానవ్. ఏందమ్మా, తమాషనా?"

"మిషిన్‌తోని చేసిన్రు. నన్ను అడగలే."

"గట్లయితదా ఏడన్న?" అని జనం వైపు తిరిగాడు. "ఇన్నరా? గొంతు ఆమెదేనట!"

కొందరు నవ్వారు. ఒక పెద్దాయన మాత్రం నవ్వలేదు. తలపాగా సర్దుకుని, "బిడ్డా, పెట్టెల ఉన్నది నువ్వే, ఈడ ఉన్నది నువ్వే. ఎవలను నమ్మమంటవ్?" అని అడిగాడు. ఎగతాళికి కాదు, నిజంగానే అడిగాడు. నన్నే నమ్మమన్నాను. కానీ నా నోటితో నేను చెప్పే నిజం కంటే ఆ పెట్టె చప్పుడు పెద్దగా ఉంది. నేను గట్టిగా మాట్లాడేకొద్దీ ఆ జలుబు గొంతు నా మీదుగా పోతోంది. "మీ ఇంటి ఆడబిడ్డలా చెబుతున్నా, నమ్మండి" అని అది మళ్లీ మొదటికి వచ్చింది. గొంతుతో బతికినదాన్ని, ఆ రోజు నా మాట నాకే వినిపించలేదు.

అప్పుడు అక్క ఆటో ఎక్కింది. మైకు పెట్టెకు పోయే వైరు పట్టుకుని ఒక్క గుంజు గుంజింది. ఒక్కసారిగా అంతా నిశ్శబ్దం.

"ఇప్పుడు చెప్పు చెల్లె" అంది.

అరవాల్సిన అవసరం లేకపోయింది. మా నాన్న చేను గురించి చెప్పాను. ఆ తర్వాత ఒక ప్యాకెటు చేతిలోకి తీసుకుని ఆ అమ్మేవాడినే అడిగాను, "బిల్లు ఇస్తవా? ప్యాకెటు మీద ఎక్కడ తయారైందో రాసి లేదేంది?"

"బిల్లు రేపు తెస్త" అన్నాడు. నవ్వు పోయింది. డ్రైవరును ఎక్కమని సైగ చేశాడు.

"నేను కిరాయికి వచ్చినన్నా, నాకేం తెల్వది" అని డ్రైవరు తాళంచెవి తీసి పెద్దాయన చేతిలో పెట్టేశాడు. అమ్మేవాడు ఆటోకూ జనానికీ మధ్య చిక్కుకుపోయాడు. ఎవరో అతని కాలరు పట్టుకోబోతే పెద్దాయన అడ్డం నిలబడ్డాడు. అంతలో బావ చేను నుంచి వచ్చాడు. ఆయన కోపమంతా ఆ అమ్మేవాడి మీదికి తిరుగుతుందేమోనని భయపడ్డాను. ఆయన అతని వైపు చూడలేదు. ఖాళీ ప్యాకెటు ఒకటి తీసి అటూ ఇటూ తిప్పి చూసి, నేల మీద కూర్చుండిపోయాడు.

పెద్దాయన ఫోను చేయిస్తే మధ్యాహ్నానికి మండల వ్యవసాయ అధికారి వచ్చి ఆటోనూ గింజలనూ స్వాధీనం చేసుకున్నాడు. ఆరోజు కొన్నవాళ్లు తమవి తిరిగి ఇచ్చేశారు. ముందురోజే కొని పెట్టినవాళ్లకు చేయడానికేమీ లేదు, మొలక కోసం చూడాల్సిందే. అక్కావాళ్ల సగం చేనులో అక్కడొకటి ఇక్కడొకటి మొలిచాయి. బావ దున్నేసి మళ్లీ పెట్టాడు. అక్కావాళ్ల పక్కింటామె తన చేనంతా ఆ గింజలే పెట్టింది. మళ్లీ గింజలు కొనే స్తోమత లేక ఆ ఏడు కూలికి పోయింది. "మీ చెల్లె గొంతని నువ్వే గదా చెప్పినవ్" అని ఒక్కసారి అంది అక్కతో. ఆ తర్వాత మాట్లాడటం మానేసింది.

ఆటోను పట్టుకున్న మర్నాడే నేను స్టూడియోకు వెళ్లాను. అన్న నన్ను చూసి లేచి నిలబడ్డాడు. ఫ్యాను తిరుగుతోంది, రికార్డింగులేమీ లేవు. చాలా రోజులుగా లేనట్టే ఉంది గది.

"గింజలకని నేను ఇయ్యలే చెల్లె, ఒట్టు" అన్నాడు నేను అడగకముందే. "గొంతులు పెట్టే యాప్ ఒకటున్నది. మనది పెడితె మిషిన్ ఆ గొంతుతోని ఏదన్న చదువుతది, ఎవలన్న వాడుకుంటరు, మనకింత వస్తదన్నరు. దుకాణం కిరాయి ఎల్తలేదు. నీకు గూడ ఇద్దామనుకున్న."

"నా గొంతు పెట్టేటప్పుడు నన్ను అడగాలని అనుకోలేదా?"

"అడిగితె వద్దంటవని."

అంత సూటిగా చెబుతాడని అనుకోలేదు. అబద్ధం చెప్పి ఉంటే కోపం తెచ్చుకోవడం సులువయ్యేది. నా ఎదురుగానే కంప్యూటరులో దాన్ని తీసేశాడు. తెర మీద నా గొంతుకు పెట్టిన పేరు మాయమైంది.

"ఇంతకుముందే తీసుకున్నోళ్ల దగ్గర?" అన్నాను.

"అది నా చేతుల లేదు చెల్లె."

"ఎంతమంది తీసుకున్నరు?"

"తెల్వది."

పోలీసు స్టేషనులో ఫిర్యాదు ఇచ్చాను. రాసుకున్న ఆయన నా గొంతునూ, అక్క తన ఫోనులో రికార్డు చేసిన ఆటో గొంతునూ ఒకదాని తర్వాత ఒకటి విన్నాడు. రెండింటికీ తేడా ఏమిటని అడిగాడు. జలుబు గురించి చెప్పాను. రాయాలా వద్దా అన్నట్టు కాసేపు ఆలోచించి, రాశాడు.

స్టూడియో మూతపడింది. అన్న ఇప్పుడు పెళ్లిళ్లకు సౌండు బాక్సులు కిరాయికి ఇస్తున్నాడు. ఎదురుపడితే తల ఊపుతాడు, నేనూ ఊపుతాను. నేను రికార్డింగులు మానేశాను. కొత్త దుకాణాలు తెరిచేటప్పుడు గుమ్మం ముందు మైకు పట్టుకుని నిలబడి మాట్లాడతాను. పని తక్కువ, కాళ్లు నొప్పులు. కానీ కొనేవాళ్లు నా ముఖం చూస్తారు, నచ్చకపోతే నన్నే అడుగుతారు. రోడ్డు మీద ఏ ఆటోలోనైనా ఆడగొంతు వినిపిస్తే మాత్రం ఇప్పటికీ ఆగిపోతాను. అది నాది కాదని తేలేదాకా కాలు ముందుకు పడదు.

మొన్నామధ్య నా ఫోను పాడైతే సుబేదారిలో మా పక్కింటామె ఫోనుతో అక్కకు చేశాను. ఆస్పత్రి పని మీద హనుమకొండకు ఎప్పుడొస్తావని అడిగాను.

"ఎవలు నువ్వు?" అంది.

"నేనే అక్కా."

"ఆ గొంతు ఎవలకన్న ఉంటది. మొకం సూపెట్టు" అని ఫోను పెట్టేసింది.

మా పక్కింటామెను మళ్లీ అడిగి, ఈసారి వీడియో కాల్ చేశాను. తెర మీద అక్క ముఖం వచ్చింది. కళ్లు చిన్నవి చేసి నన్ను చాలాసేపు చూసింది. నవ్వలేదు. తర్వాత మెల్లగా, "దవాఖానకు సోమారం వస్త" అంది.