ఆపరేటరమ్మ, నత్త బొమ్మ కంపెనీ

ఆ ఆస్పత్రికి ఎవరు ఫోన్ చేసినా ముందు వినిపించేది ఆవిడ గొంతే. "ఆస్పత్రి అండీ, చెప్పండి" అన్న ఆ ఒక్క మాటకే సగం ఆదుర్దా తగ్గేదని చాలామంది అనేవాళ్ళు. అసలు పేరు జీతం కాగితాల మీదే ఉండేది. పెద్ద డాక్టర్ దగ్గర్నుంచి ఆయాల దాకా అందరికీ ఆవిడ ఆపరేటరమ్మే. చిన్నప్పుడు జ్వరం వచ్చి రెండు కళ్ళూ పోయాయి. "చెవులున్నాయి, వేళ్ళున్నాయి, నోరు మీ అందరికన్నా పెద్దదే ఉంది. ఈ ఉద్యోగానికి ఇంకేం కావాలి?" అనేది. నిజమే, ఆ నోటికి జడవని వాళ్ళు ఆస్పత్రిలో లేరు.

కంప్యూటరనేది ఆవిడ ఇంట్లో అడుగుపెట్టిందంటే అది మరిది పుణ్యం. భర్త సిటీ బస్సు డ్రైవరు. ఆయన తమ్ముడు కంప్యూటర్లు చేసే నత్త బొమ్మ కంపెనీ దుకాణంలో సేల్స్‌మన్. మా మెషిన్లంత వేగం ఎవరికీ లేదని గొప్పలు చెప్పుకునే కంపెనీకి నత్తను గుర్తుగా పెట్టిన మహానుభావుడెవరో గాని, మరిదికి మాత్రం ఆ కంపెనీని ఒక్క మాటంటే పౌరుషం పొడుచుకొచ్చేది.

అతను మొదట మోసుకొచ్చింది దుకాణంలో చూపించడానికి పెట్టిన పాత పీసు. బూడిదరంగు పెట్టె, ఇద్దరు పట్టుకుంటే గాని లేవదు. అందులో విడిగా ఒక ప్రోగ్రాం ఎక్కించాడు. ఆవిడ కీబోర్డు మీద ఏది నొక్కితే దాన్ని అది పైకి చదువుతుంది. ఆ గొంతు వింటే ముక్కు దిబ్బడేసిన మగమనిషి గుర్తొస్తాడు. ఆవిడ దానికి జలుబు బాబు అని పేరు పెట్టింది. "ఇంట్లో నా మాటకే దిక్కులేదు, ఇప్పుడు ఇంకొకణ్ణి తెచ్చిపెట్టావు" అని భర్త తమ్ముణ్ణి దెప్పాడు.

ఆ తర్వాత బూడిదరంగు పోయి రంగురంగుల గుండ్రటి పెట్టెలొచ్చాయి. అవీ పోయి సంచిలో పట్టేంత పల్చటి కంప్యూటర్లు వచ్చాయి. లోపల నడిపించే సిస్టం కూడా ఊరుకునేది కాదు. కంపెనీవాళ్ళు ఒక్కో వర్షన్‌కి ఒక్కో పక్షి పేరు పెట్టేవాళ్ళు. "వదినా, గద్ద వచ్చింది! దాంతో అన్నీ చకచకా అయిపోతాయి" అంటూ మరిది సంబరంగా వచ్చేవాడు. గద్ద వచ్చిన రోజున జలుబు బాబు నోరు పడిపోయింది. కొంగ వచ్చినప్పుడు సగం మాటలు మింగేశాడు. "నీ పిట్టల గోల కాదు గాని, మా బాబుకి మళ్ళీ మాటొచ్చే మందుంటే తీసుకురావయ్యా" అని ఆవిడ ఒంటికాలి మీద లేచేది. బాబును నయం చేసే సరికి మరిది తల ప్రాణం తోకకొచ్చేది.

ఇవన్నీ ఇంటి ముచ్చట్లు. ఆస్పత్రిలో ఆవిడ ముందుండేది పాత స్విచ్‌బోర్డు. వరసలు వరసలుగా గట్టి బటన్లు. ఏ బటన్ ఏ వార్డుదో ఆవిడ వేళ్ళకు కంఠతా వచ్చు.

ఒకరోజు మరిది కొత్త ఫోన్ తెచ్చి చేతిలో పెట్టాడు. ఆవిడ అటూ ఇటూ తడిమింది. నున్నగా, చల్లగా ఉంది. వేలికి ఒక్క బటనూ తగల్లేదు.

"ఏమయ్యా, కళ్ళు లేనిదాని చేతికి అద్దం ఇస్తావా? బొట్టు సరిగ్గా ఉందో లేదో చూసుకోమనా?"

"ఇకమీదట అన్నీ ఇలాగే ఉంటాయి వదినా" అన్నాడతను నసుగుతూ.

ఫోన్లు అద్దాలైతే రేపు స్విచ్‌బోర్డూ అద్దమే అవుతుందని ఆవిడకి అర్థమైపోయింది. ఆ పూట మరిదితో మాట్లాడకుండా వంటింట్లోకి వెళ్ళి ఏడ్చింది.

అనుకున్నంతా అయింది. ఏడాది తిరక్కుండా పాత బోర్డు పీకేసి, బల్ల మీద నత్త బొమ్మ కంపెనీ టాబ్లెట్ పెట్టారు. సూపరింటెండెంట్ స్వయంగా వచ్చాడు. ఆయన మంచివాడే, అదే వచ్చిన చిక్కు.

"మీరు పక్క గదిలో కూర్చోండమ్మా. జీతం ఎక్కడికీ పోదు. రిటైరయ్యే దాకా హాయిగా ఉండండి."

"ఊరికే కూర్చోబెట్టి జీతమివ్వడానికి నేనేం షోకేసులో బొమ్మనా సార్?"

ఆయన ఏదో సర్దిచెప్పి వెళ్ళిపోయాడు. ఆవిడ పక్క గదిలో కూర్చుంది. అవతల తన ఫోన్లు మోగుతుంటే, ఎవరో తడబడుతూ ఎత్తుతుంటే వింటూ కూర్చుంది. అంత నరకం పగవాళ్ళకి కూడా వద్దు.

సరిగ్గా అప్పుడే కంపెనీ ఇంకో పక్షిని వదిలింది. ఈసారి మరిది చెప్పులు కూడా విప్పకుండా ఇంట్లోకి దూసుకొచ్చాడు. "అద్దానికి మాటొచ్చింది వదినా!" వేలు అద్దం మీద జరిపితే, వేలి కింద ఏముందో అదే చెబుతుంది. రెండుసార్లు టకటకా తడితే పని చేసేస్తుంది. విడిగా ప్రోగ్రాం అక్కర్లేదు, పుట్టుకతోనే వచ్చిన గొంతు. ఆవిడ పట్టు పట్టి నేర్చుకుని, సూపరింటెండెంట్ ఎదుట అయిదారు ఫోన్లు కలిపి చూపించింది.

"సరే. కానీ ఇది ఆస్పత్రమ్మా. ఒక్క తేడా వచ్చిందా, మళ్ళీ పక్క గదే" అన్నాడాయన. ఆవిడ కుర్చీ ఆవిడకు దక్కింది.

అయితే ఒక మెలిక ఉంది. టాబ్లెట్ కంపెనీదే గాని, ఫోన్లు కలిపే యాప్ ఎవరో కాంట్రాక్టరు చేయించింది. అందులో వార్డులకు అన్నీ బొమ్మలే, ఒక్కదానికీ పేరు లేదు. వేలు జరిపితే అద్దం ఏం చెబుతుంది పాపం? బటన్, బటన్, బటన్. అంతే. ఆవిడ ఏ బటన్ ఏ వార్డుదో చోటును బట్టి గుర్తుపెట్టుకుంది.

"పేర్లు పెట్టమని అడుగుదాం వదినా" అన్నాడు మరిది.

"నోరు మూసుకో. అడిగితే ఇంకేముంది, చూశారా ఈవిడ వల్ల కాదంటారు. నా తిప్పలు నేను పడతాను."

అదే ఆవిడ కొంప ముంచింది. కొంతకాలానికి యాప్ కొత్త వర్షన్ వచ్చింది. బొమ్మలు అటూ ఇటూ మారాయి. ఆ సంగతి కళ్ళున్నవాళ్ళకి చెప్పక్కర్లేదు గనుక ఎవరూ ఎవరికీ చెప్పలేదు. ఆ పొద్దున ఎవరో ఫోన్ చేసి, భార్య పురుళ్ళ వార్డులో ఉంది, ఎలా ఉందో కనుక్కోవాలన్నాడు. "కలుపుతున్నానండీ" అని ఆవిడ ఎప్పటి చోటులోనే రెండుసార్లు తట్టింది.

అవతల ఎత్తినవాడు "మార్చురీ" అన్నాడు.

కాసేపటికి ఆ మనిషి ఆస్పత్రికి పరుగెత్తుకొచ్చాడు. అప్పటికే పై అంతస్తులోని పురుళ్ళ వార్డు నర్సు ఎదురై, భార్య క్షేమమే, ఇంకా నొప్పులు పడుతోందని చెప్పింది. దాంతో భయం కాస్తా కోపమైంది. "ఎవరండీ ఇక్కడ ఫోనెత్తింది?" అని అరుస్తూ వచ్చి, ఆవిణ్ణి చూసి ఠక్కున ఆగిపోయాడు. గొంతు మెత్తబడింది. "పోన్లెండమ్మా. మీకు మాత్రం ఏం తెలుస్తుంది" అని వెనక్కి తిరిగాడు.

"ఆగండి" అంది ఆపరేటరమ్మ. "తప్పు కలిపింది నేనే. ఇంకెవరైనా అయితే ఊరుకునేవారా? నన్నూ తిట్టండి."

అతను తిట్టాడు. పగవాడికి కూడా రాకూడని మాట విన్నానని, కడుపులో ఉన్నదంతా కక్కేశాడు. ఆవిడ తల వంచుకుని అంతా వింది. "క్షమించండి" అని ఒక్కటే మాట అంది. అతను కళ్ళు తుడుచుకుని పైకి వెళ్ళిపోయాడు.

కేకలు విని వచ్చిన సూపరింటెండెంట్ గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. "నేను ముందే చెప్పానమ్మా" అన్నాడు మెల్లగా.

"చెప్పారు సార్. ఆ బటన్లకి పేర్లు లేవు. అడిగితే కుర్చీ పోతుందని అడగలేదు, అది నా తప్పే. అయితే పోయినేడు రాత్రి డ్యూటీ ఆపరేటరు తప్పు వార్డుకి కలిపితే ఏం చేశారు?"

"మెమో ఇచ్చాం."

"అతన్ని పక్క గదిలో కూర్చోబెట్టలేదుగా?"

ఆయన జేబులోంచి ఫోన్ తీశాడు. అక్కడే నిలబడి కాంట్రాక్టరుకి ఫోన్ చేశాడు. "పేర్లు పెట్టడమా? పది నిమిషాల పని సార్. ఇన్నాళ్ళూ ఎవరూ అడగలేదు" అన్నాడు వాడు. ఆ పది నిమిషాల పని జరక్క ఒక మనిషి ప్రాణం ఎగిరిపోయినంత పనైంది, ఇంకో మనిషి బతుకు తలకిందులయ్యేది. వాడికి చీమ కుట్టినట్టైనా లేదు!

సాయంత్రం ఆవిడ మరిదిని పిలిపించి, సంచిలోంచి ఆస్పత్రివాళ్ళిచ్చిన మెమో కవరు తీసి చేతిలో పెట్టింది. "అక్షరం వదలకుండా చదువు."

అతను చదవసాగాడు. "‘విధి నిర్వహణలో తీవ్ర నిర్లక్ష్యం... ఇకముందు మీ వల్ల ఇటువంటి పొరపాటు జరిగినచో కఠిన చర్య తీసుకొనబడును.’ ఇదేంటి వదినా? ఇంతలేసి మాటలంటారా? రేపు నేనొచ్చి అడుగుతాను."

"అడిగావంటే కాళ్ళు విరగ్గొడతాను. ఇకముందు అని ఉందా? సరిగ్గా చూసి చెప్పు."

"ఉంది."

ఆవిడకి ఏడుపు ఆగలేదు, నవ్వూ ఆగలేదు. కొంగుతో మొహం తుడుచుకుని, "ఆ ముక్క మళ్ళీ చదువు" అంది.