చంపినవాడి సినిమా

ఆ సినిమా పెట్టింది నేనే. పేరున్న గాయకుడొకరిని కాల్చి చంపిన మనిషి మీద, నిజంగా జరిగినదాన్ని బట్టి తీశారు. ఆ కేసు గురించి అంతకు ముందే చదివాను. ఆదివారం మధ్యాహ్నం అమ్మ పడుకుందనుకుని శబ్దం తగ్గించి పెట్టాను. పది నిమిషాలకు ఆమె చిక్కుడుకాయల గిన్నె పట్టుకొచ్చి నా పక్కన కూర్చుంది.

మా ఇంట్లో పెట్టాల్సిన సినిమా కాదది. రెండేళ్ల కింద మా తమ్ముడు చిన్నకోడూరు రోడ్డు మీద లైట్లు లేని ట్రాక్టర్ గుద్ది చనిపోయాడు. నడిపిన మనిషి మీద కేసు సిద్దిపేట కోర్టులో ఇంకా నడుస్తోంది. అమ్మ అతని పేరెత్తదు. ‘వాడు’ అంటుంది, అంతే. తీసేద్దామని రిమోట్ అందుకున్నాను.

“ఉండనియ్యి బిడ్డా, ఏదో ఒకటి” అంది.

సినిమా ఇంగ్లీషులో ఉంది, అమ్మకు రాదు. బొమ్మలు చూస్తూ కాయలకు ఈనెలు తీస్తోంది. ఆ మనిషి లాడ్జి గదిలో ఒకే చొక్కాను రెండుసార్లు ఇస్త్రీ చేసుకున్నాడు. అద్దం ముందు నిలబడి ఏదో చెప్పడం సాధన చేశాడు. గాయకుడు ఒక్కసారే కనిపించాడు, అదీ వెనక నుంచి. అరగంట చూసి అమ్మ అడిగింది.

“గీయన్నే చూపెడుతున్రు గదనే. సచ్చిపోయినాయన ఏడ?”

“గిది చంపినోని సినిమా అమ్మా.”

“ఆయన పాటలన్న పెట్టరా?”

“పెట్టరు.”

“గిదేం సినిమానే! పెండ్లిల పిల్లగాన్ని ఇడిసిపెట్టి బ్యాండోన్ని ఫొటో తీసినట్టున్నది.”

నవ్వాను. కొంచెం సేపటికి ఆ మనిషి తన భార్యకు ఫోన్ చేసి, ఏమీ చెప్పలేక పెట్టేశాడు. నాకు కళ్లలో నీళ్లు వచ్చాయి. తుడుచుకునే లోపలే అమ్మ చూసింది.

“వానికోసం ఏడుస్తున్నవా?”

టీవీ ఆపేశాను. ఏడాదిగా దాచింది అప్పుడు చెప్పేశాను. మా తమ్ముణ్ణి గుద్దినవాడి ఇంటికి నేను మూడుసార్లు వెళ్లాను.

నేను టీచర్ని. మా బడికి వెళ్లే దారిలోనే అతని ఊరు. పోయినేడు కోర్టు వరండాలో అతను దగ్గరికొచ్చి, “మేడం, మీ తమ్ముడు ఒక మాట అన్నడు, మీకు చెప్పాలె” అన్నాడు. అక్కడ విననివ్వలేదు నా కోపం. వారం తర్వాత నేనే ఆ ఊళ్లో బస్సు దిగాను. ఆ మాట వినడానికే, క్షమించడానికి మాత్రం కాదు. తర్వాత వెళ్లిన రెండుసార్లూ ఎందుకు వెళ్లానో నాకే సరిగ్గా తెలియదు. తమ్ముడి మాట ఎత్తేవాళ్లు నాకు ఇంకెక్కడా మిగల్లేదు. చదువుకున్నదాన్ని, ఇంతకంటే మంచి కారణాలు కూడా చెప్పగలను. ఏదీ నిలబడదు.

అమ్మ చేతులు ఆగాయి.

“వాళ్లింట్ల ఏం పెట్టిన్రు?”

“చాయ్.”

“తాగినవా?”

“తాగిన.”

తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను. ఆమె గిన్నె కింద పెట్టింది.

“మావోడు ఏమన్నడట?”

గుద్దినతనే తమ్ముడి తల ఒళ్లో పెట్టుకుని నీళ్లు తాగించాడట. ఎవరికి ఫోన్ చెయ్యాలని అడిగాడట. ఆ మాట ఉన్నదున్నట్టు చెప్పాను.

“‘అమ్మకు చెయ్యకున్రి, భయపడతది. అక్కకు చెయ్యున్రి’ అన్నడట.”

అమ్మ నా వైపు తిరిగింది.

“ఏడాది సంది గీ మాట కడుపుల పెట్టుకొని, నా పక్కపొంటి కూసోని బువ్వ తిన్నవా?”

ఇన్నాళ్లూ ఆ ఇంటి చాయ్ తాగడమే నా తప్పనుకున్నాను. బస్సులో తిరిగొస్తూ దాని గురించే బాధపడేదాన్ని. అమ్మకు చెప్తే తట్టుకోలేదని, తమ్ముడు కూడా అదే అన్నాడు కదా అని సర్దిచెప్పుకున్నాను. కానీ అది ఆమె కొడుకు చివరి మాట. అందులో ఆమె ఉంది. దాన్ని ఆమెకు ఇవ్వకుండా, నాకు తోచినప్పుడల్లా ఆ ఇంటికి పోయి మళ్లీ మళ్లీ విని వచ్చాను.

“ఇంకేమన్న అన్నడా?”

“లేదమ్మా.”

“నిజం చెప్పు.”

“అంతే అమ్మా. గంతే అన్నడట.”

అది నిజమే. ఆమె నమ్మలేదు. ఇప్పటికీ అన్నం ముందు కూర్చున్నప్పుడు ఒక్కోసారి అడుగుతుంది, ఇంకేమన్న అన్నడా అని.