ఎడమవైపు రెండు బంట్లు

మా అక్క మొగుడు గడియారాలు బాగుచేసేవాడు. నేను బస్సుల వర్క్‌షాపులో ఇంజన్ ఫిట్టర్ని. ఆయన గురించి రాయాలంటే ముందు నా గురించి రెండు ముక్కలు చెప్పక తప్పదు. ఎందుకంటే ఆయన జీవితమంతా కోరుకున్నది ఒక్కటే, నన్ను చదరంగంలో ఒక్కసారి ఓడించడం.

గొప్పలు కావు, ఉన్నమాటే చెబుతున్నాను. పల్లెటూరి బడిలో ఐదో తరగతి దాకా చదివాను. ఆ ఐదేళ్ళూ లెక్కల్లో నన్ను మించినవాడు లేడు. ఇరవయ్యో ఎక్కం ఇప్పటికీ కిందనుంచి పైకి తడుముకోకుండా అప్పజెబుతాను. వర్క్‌షాపు చదరంగం పోటీల్లో వరసగా పదకొండేళ్ళు మొదటి బహుమతి నాదే. పెద్ద చదువులు చదివిన మేనేజరుగారి ఆటను ఇరవై రెండు ఎత్తుల్లో కట్టించాను. ఆయన లేచి నిలబడి చెయ్యి కలిపారు. కప్పులన్నీ అద్దాల బీరువాలో ఉన్నాయి, ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు.

బావ మాత్రం మా ఇంటికొస్తే ఆ బీరువాకు వీపు పెట్టి కూర్చునేవాడు.

ఆయన కొట్టు ఒక మేడమెట్ల కింద ఉండేది. ఇద్దరు నిలబడితే మూడోవాడు బయటే. సీసా మూతల్లో ఆవగింజల్లాంటి మరలు, ఒక బల్ల, కుడికంటికి తగిలించుకునే భూతద్దం. ఏ గడియారాన్నయినా ముందు చెవి దగ్గర పెట్టుకుని నిమిషంసేపు వినేవాడు, ఆ తర్వాతే విప్పేవాడు. బాగుచేశాక చీటీ మీద రాసేవాడు: జబ్బు ఫలానా, మందు ఫలానా. అట్టపెట్టెల నిండా అవే చీటీలు.

ప్రతి ఆదివారం మధ్యాహ్నం వాళ్ళ వరండాలో మా ఆట. ప్రతి ఆదివారం ఆయన ఓటమి. అక్క ఒకసారి నన్ను వంటింట్లోకి పిలిచి, ఒక్కసారి ఓడిపోతే నీ సొమ్మేం పోతుందిరా అంది. ఆయనకు తెలిసిపోతుందక్కా, తెలిస్తే నా మొహం చూడడు అన్నాను. అది నిజమే. కానీ దాచిన నిజం ఇంకొకటి ఉంది.

కుడికంటికి అద్దం పెట్టుకుని పనిచేసేటప్పుడు ఎడమకన్ను మూసుకోవాలి కదా. అన్నేళ్ళ అలవాటు మీద, ఏ ఆలోచనలో పడ్డా బావ ఎడమకన్ను దానంతటదే మూతపడేది. బోర్డులో తన ఎడమచేతి వైపు ఏం జరుగుతోందో ఆయనకు ఆనేది కాదు. నేనది కనిపెట్టాను. కనిపెట్టి తొమ్మిదేళ్ళపాటు నా ఏనుగును ఆ పక్కనుంచే తోలాను.

ఒక ఏడాది బావకు పట్టుదల పెరిగింది. ఓడిన ప్రతి ఆటనూ గడియారం జబ్బులాగే చీటీల మీద రాయడం మొదలుపెట్టాడు. గళ్ళు గీసి, ఆట ఎక్కడ చెడిందో అక్కడ ఎర్రచుక్క పెట్టాడు. అరవై చీటీలయ్యాక అన్నీ నేలమీద పరిచి చూస్తే చుక్కలన్నీ ఎడమపక్కనే కుప్పపడి ఉన్నాయట. చీటీలు పట్టుకుని నేరుగా వర్క్‌షాపు గేటు దగ్గరికే వచ్చాడు.

"ఏరా, ఇది నీకు తెలుసా?"

"తెలుసు బావా."

"ఎన్నాళ్ళుగా?"

"తొమ్మిదేళ్ళుగా."

చీటీలు జేబులో పెట్టుకుని, "మీ అక్కకు తగ్గ తమ్ముడివే" అని వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత ఆరునెలలు నాతో ఆడలేదు. రోజూ పొద్దున్నే కొట్టు తెరవకముందు, కుడికంటికి గుడ్డకట్టు కట్టుకుని ఒక్క ఎడమకన్నుతో గంటసేపు సాధన చేసేవాడు. బోర్డు నిండా పావులు పెట్టేవాడు కాదు. ఒక రాజు, రెండు బంట్లు, అవతల ఇంకో రాజు, అంతే. ఆ రెండు బంట్లతో గెలవడం వచ్చేదాకా ఇంకో పావును ముట్టేవాడు కాదు. ఆయన కన్ను పోయిందేమోనని ఇరుగుపొరుగు పరామర్శకు వస్తున్నారు, నేను మంచినీళ్ళివ్వలేక చస్తున్నాను అని అక్క మొత్తుకునేది.

ఏడో నెలలో కబురొచ్చింది. వెళ్ళాను. నా ఏనుగు మామూలు దారినే వెళ్ళింది, అక్కడ ఆయన గుర్రం కాచుకుని ఉంది. మూడు గంటలు ఆడాం. చివరికి నాకు ఒక్క రాజు మిగిలాడు. ఆయనకు రాజు, ఎడమవైపు పక్కపక్కనే రెండు బంట్లు. చిన్నపిల్లాణ్ణి అడిగినా చెబుతాడు ఎవరు గెలిచారో.

నేను గోడ గడియారం వైపు చూసి, డ్యూటీకి వేళయింది బావా, మిగతాది వచ్చే ఆదివారం అన్నాను. చెప్పులేసుకున్నాను. పదకొండేళ్ళ విజేతను, ఓడాను అన్న ఒక్కమాట నోట రాలేదు.

ఆ వారంలోనే ఆ మేడ కూలగొడతామని కొట్టు ఖాళీ చేయించారు. బావకు దూరపు ఊళ్ళో ఒక పెద్ద గడియారాల కంపెనీలో పని దొరికింది, గురువారం రైలెక్కారు. మధ్యలో పెళ్ళిళ్ళలో కలుసుకున్నాం, ఒకే వరసలో కూర్చుని భోంచేశాం. ఆట సంగతి ఆయన ఎత్తలేదు. ఎత్తాల్సింది వాయిదా వేసినవాడు. నేనూ ఎత్తలేదు. వర్క్‌షాపులో ఇంకో రెండు కప్పులు గెలిచాను. గెలిచిన సాయంత్రాల్లో ఆ వరండా గుర్తొచ్చేది. బావలా ఎదురుగా కూర్చుని వేళ్ళతో గడ్డం గోక్కునేవాడు మళ్ళీ దొరకలేదు.

ఎనిమిదేళ్ళు పోయాయి. బావ చూపు మందగించి పని మానేశాడని, చేతులు ఒళ్ళో పెట్టుకుని ఊరికే కూర్చుంటున్నాడని అక్క ఫోన్లో చెప్పింది. ఒకసారి ఆయనకివ్వు అన్నాను.

"బావా, ఆ ఆట నేను ఓడిపోయాను. ఆ రోజే ఓడిపోయాను."

బావ అన్నాడు, "ఒప్పుకోలు ఎవడిక్కావాలిరా? ఆడి ఓడు. నీ రాజు ఎక్కడున్నాడో గుర్తుందా, నన్ను చెప్పమంటావా?"

గడులతో సహా తనే చెప్పాడు. నేను బోర్డు తీసి పేర్చుకున్నాను. ఆయనకు బోర్డు అక్కర్లేదు. ఆదివారానికి చెరొక ఎత్తు అని ఒప్పందం. ఎత్తు చెప్పడానికి అర నిమిషం, మోకాళ్ళ నొప్పులు, అక్క సణుగుడు, పాత మేనేజరుగారి సంగతులు చెప్పుకోవడానికి గంట పడుతోంది. శనివారం సాయంత్రం నుంచే నాకు కుర్చీలో కుదురుండదు.

నెల కిందట ఆయన గెలుపు చేతికందింది. బంటును ముందుకు తోయడమే తరువాయి. బావ తోయలేదు, రాజును ఒక గడి వెనక్కి తీశాడు. అదేం ఎత్తు బావా అంటే, ఆలోచించే వేశాను, నీ సంగతి చూసుకో అన్నాడు. పై ఆదివారం రాజును మళ్ళీ ముందుకు తెచ్చాడు. ఆ పై ఆదివారం మళ్ళీ వెనక్కి. నేనూ అలాగే నా రాజును అటొక గడి, ఇటొక గడి జరుపుతూ వచ్చాను.

బోర్డు మీద అదే అమరిక మూడుసార్లు వస్తే ఆట సమం అని అడగొచ్చు. ఆ నియమం నాకు తెలుసు, ఆయనకూ తెలుసు. నిన్నటితో మూడోసారి వచ్చింది. నీ ఎత్తేంటో చెప్పరా అన్నాడు బావ.

నేను అడగలేదు. రాజును ఒక గడి పక్కకు జరుపుతున్నానని చెప్పి, మోకాలు ఎలా ఉంది బావా అన్నాను.